జపాను స్నానాలగదిలో నా ఓనమాలు

అమ్మాయికి పురుడు పోయడానికి జపాన్ వెళ్తున్నానని చెప్పగానే మా తెనాలి వీధిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న తిండి గురించే. "అక్కడ పచ్చి చేపలు తింటారటగా వదినా, నువ్వేం తిని బతుకుతావు?" అని ఒకరు, "నాలుగు కిలోలు కందిపొడి కొట్టించుకో పిన్నీ" అని ఇంకొకరు. నేనూ భయపడిపోయి సంచీ నిండా కందిపొడి, కరివేపాకు కారం, శొంఠి, వాము, చింతపండు కుక్కుకుని 2023 నవంబరు రెండో వారంలో బయల్దేరాను. ఢిల్లీలో విమానం మారి టోక్యోలో దిగాను.

తీరా చూస్తే వంటింట్లో నాకు ఏ కష్టమూ రాలేదు. మా అమ్మాయీ అల్లుడూ ఉండేది టోక్యోలో ఎదొగావా అనే వార్డులో, నిషి కసాయ్ అనే పేట. సాఫ్ట్‌వేరు ఉద్యోగాలకి వెళ్ళిన మనవాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువ, ఆఖరికి ఆవకాయ సీసా కూడా నాలుగడుగుల్లో దొరుకుతుంది. నన్ను ఏడిపించినది వంటిల్లు కాదండీ, స్నానాలగది.

మొదటి రోజు సంగతి చెప్తాను. రాత్రి ఎనిమిదయింది. "ప్రయాణం చేసి అలిసిపోయావు, ముందు నువ్వే స్నానం చెయ్యమ్మా, నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి" అంది అమ్మాయి. వాళ్ళ ఇళ్ళల్లో పాయిఖానా వేరుగా, స్నానాలగది వేరుగా ఉంటాయి. స్నానాలగదికి ముందు బట్టలు మార్చుకోవడానికి ఒక చిన్న గది, అందులోనే మొహం కడుక్కునే బేసిన్, బట్టలుతికే మిషను. లోపలికెళ్తే ఒక పక్క షవరు, కింద చంటిపిల్లల పీటంత ప్లాస్టిక్ పీట, ఒక గిన్నె. రెండో పక్క తొట్టి. మనం సినిమాల్లో చూసే పొడుగాటి తొట్టి కాదు, పొట్టిగా లోతుగా ఉంటుంది, కూర్చుంటే నీళ్ళు భుజాల దాకా వస్తాయి. దాని మీద చాపలాగా చుట్టి పెట్టే మూత. మూత తీస్తే పొగలు కక్కుతూ నీళ్ళు. అమ్మాయి ఏదో చెప్పింది కానీ నిద్రమత్తులో సగం వినలేదు. హాయిగా స్నానం చేసి, తొట్టిలో కూర్చుని కాళ్ళ నొప్పులు తీర్చుకుని, చుట్టపు చూపుగా వచ్చిన దాన్ని శుభ్రంగా ఉంచాలి కదా అని బిరడా పీకేసి నీళ్ళన్నీ వదిలేశాను. తొట్టి కూడా తోమి వచ్చాను.

"అమ్మా! నీళ్ళన్నీ వదిలేశావా?" అని అమ్మాయి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన అల్లుడుగారు, "ఫరవాలేదులెండి అత్తయ్యగారూ, మళ్ళీ నింపుదాం" అన్నారు గానీ, సుమారు రెండొందల లీటర్ల నీళ్ళు, అవి కాగడానికి గ్యాసు! ఇంటిల్లిపాదీ ఒకరి తర్వాత ఒకరు ఆ నీళ్ళలోనే కూర్చుంటారట. "ఒకళ్ళు చేసిన నీళ్ళలో ఇంకొకళ్ళా, ఛీ ఛీ, అదేం మడి, అదేం ఆచారం" అన్నాను నేను. అప్పుడు విడమరిచి చెప్పింది. ముందు ఆ పీట మీద కూర్చుని సబ్బుతో ఒళ్ళంతా రుద్దుకుని, తల కూడా కడుక్కుని, ఒక్క నురుగు చుక్క లేకుండా కడిగేసుకున్నాకే తొట్టిలోకి దిగాలి. తొట్టి శుభ్రపడటానికి కాదు, ఒళ్ళు కాచుకోవడానికి. అందుకని ఆ నీళ్ళు తేటగానే ఉంటాయి. మర్నాడు పొద్దున ఒక గొట్టం వేసి ఆ నీళ్ళనే మిషనులోకి లాగి బట్టలుతుకుతారు చాలామంది. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోసే వాళ్ళం, మనకి అర్థం కాని సంగతేం కాదు. కానీ ఆ రాత్రి నాకు చాలా సిగ్గేసింది.

రెండో రోజు ఇంకా నయం. లైటు స్విచ్చి అనుకుని గోడ మీదున్న పెట్టెలో ఒక మీట నొక్కాను. ఇల్లంతా ఏదో సంగీతం. నిమిషంలో తలుపు బయట అమ్మాయి, ఆమె వెనక నేల చూపులు చూస్తూ అల్లుడుగారు. "ఏమయిందమ్మా, పడ్డావా?" అంటోంది అమ్మాయి కంగారుగా. అది స్నానాలగదిలోంచి ఇంట్లోవాళ్ళని పిలిచే మీట. దాని పేరు యోబిదాషి. పెద్దవాళ్ళకి లోపల కళ్ళు తిరిగితే నొక్కడానికట. చలికాలంలో చల్లటి గదిలోంచి వేడినీళ్ళలోకి దిగి ప్రాణం మీదికి తెచ్చుకునే ముసలివాళ్ళు ఆ దేశంలో ఎక్కువ. నేను నొక్కినందుకు ఆ పూటకి నవ్వుకున్నారు. ఆ మాట మాత్రం నాకు జన్మలో మరిచిపోకుండా అతుక్కుపోయింది.

పాయిఖానా సంగతి కూడా చెప్పకపోతే మీరే అడుగుతారు. పరాయి దేశమంటే కాగితమే గతి అనుకుని దిగులు పడుతూ వెళ్ళానా, అక్కడ నీళ్ళే! కూర్చున్న చోటే సన్నటి పిచికారీ వచ్చి కడిగేస్తుంది, అవీ గోరువెచ్చటి నీళ్ళు. టోటో అనే కంపెనీ వాళ్ళు 1980లో వాష్‌లెట్ అని మొదలుపెట్టారట, ఇప్పుడు దాదాపు ఇంటింటా ఉంది. కూర్చునే పీట కూడా వెచ్చగా ఉంటుంది. మొదటిసారి ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళారేమో అనుకున్నాను. బయట దుకాణాల్లో అయితే ఆడవాళ్ళ కోసం నీటి చప్పుడు వినిపించే మీట ఒకటి ఉంటుంది, ఒతోహిమే అంటారు. లోపలి చప్పుడు బయటికి వినపడుతుందని సిగ్గుపడి ఆడవాళ్ళు మాటిమాటికీ నీళ్ళు వదిలేస్తున్నారని, ఆ నీళ్ళు ఆదా చెయ్యడానికి 1988లో కనిపెట్టారట. సిగ్గుకి కూడా ఒక మిషను!

అక్కడి మీటలు చదవడం ఎలా అంటారా? కొత్తవాటి మీద బొమ్మలుంటాయి. కంపెనీలన్నీ కూడబలుక్కుని అందరూ ఒకే రకం బొమ్మలు వాడాలని 2017లో అనుకున్నాయి. మా అమ్మాయి వాళ్ళ ఇంట్లో ఉన్నది పాతది, అన్నీ అక్షరాలే. అల్లుడుగారే నేర్పారు. కాళ్ళూ చేతులూ బార్లా చాపిన మనిషిలాంటి అక్షరం దాయ్, అంటే పెద్దది. చేతులు దగ్గరగా ముడుచుకున్నట్టుండేది షో, అంటే చిన్నది. ఒంటికి వెళ్తే షో, రెంటికి వెళ్తే దాయ్ వైపు తిప్పాలి. చూడండి, మనం వేళ్ళు చూపించి చెప్పే మాటే వాళ్ళు పెద్దా చిన్నా అన్నారు. కడిగే మీట మీద ఒషిరి అని ఉంటుంది. షిరి అంటే కూర్చునే భాగం. ముందున్న 'ఒ' మర్యాదకి తగిలించేది, మనం 'గారు' అన్నట్టు. వేడినీళ్ళు యు, గౌరవంగా ఒయు. స్నానం ఫురో, గౌరవంగా ఒఫురో. పాయిఖానాని తోయ్‌రె అంటారు, కాస్త నాజూగ్గా చెప్పాలంటే ఒతెఅరాయ్, చేతులు కడుక్కునే చోటన్నమాట. దీనికీ గారే, దానికీ గారే! మా ఇంట్లో నన్నెవరూ గారు అనరు గానీ అక్కడ పిరుదులకి కూడా గారు తగిలించారు అని నేనంటే, అల్లుడుగారు నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయారు.

ఇంతవరకూ అంతా నవ్వులాటే. డిసెంబరు 2న పాప పుట్టింది. సుఖప్రసవం. ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంచుకుని పంపారు. అసలు సంగతి ఆ తర్వాతే వచ్చింది.

నేను పెట్టెలో సున్నిపిండి, సాంబ్రాణి, గానుగ నూనె పెట్టుకుని మరీ వెళ్ళాను. మా వీధిలో ఎంతమంది పిల్లలకి కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోశానో లెక్కలేదు. నాకంటే పెద్దవాళ్ళు కూడా "నీ చెయ్యి మంచిది, ఒక్కసారి వచ్చి పొయ్యవే" అని పిలిచేవాళ్ళు. అలాంటిది నా మనవరాలికి నేను నీళ్ళు పోయడానికి వీల్లేదు. ఆసుపత్రిలో నర్సులు నేర్పిన పద్ధతి వేరు. దాన్ని మొకుయొకు అంటారు. నెల నిండేదాకా పాపకి విడిగా చిన్న ప్లాస్టిక్ తొట్టి. నీళ్ళు 38 నుంచి 40 డిగ్రీల లోపు ఉండాలి. పొట్ట మీద పల్చటి గాజుగుడ్డ కప్పి, మెడ కింద చెయ్యి పెట్టి, పది నిమిషాల్లో ముగించాలి. నలుగు లేదు, ముక్కు పిండటం లేదు, పొగ వెయ్యడం అసలే లేదు. గదుల్లో పొగ వస్తే మోగే గంటలుంటాయి.

సరే, పద్ధతి ఏదైతేనేం, నేనే చేస్తాను అన్నాను. అమ్మాయి కాసేపు నసిగి, "అది కాదమ్మా... నీకు ఆ మీటలు చదవడం రాదు కదా. వేడి ఎక్కువైతే?" అంది.

దాని భయంలో న్యాయం ఉంది. అంతకు రెండు రోజుల ముందే జరిగింది. వంటింట్లో ఒక పెట్టె, స్నానాలగదిలో ఒక పెట్టె, రెండూ ఒకే బాయిలరుకి. జిడ్డు గిన్నెలు తోముతూ వంటింటి పెట్టెలో వేడి 48కి పెంచాను. అప్పుడే అది షవరు కింద ఉంది. "అబ్బా!" అని అరుపు. యూసెన్ అని ఒక మీట ఉంటుంది, పెత్తనం ఎవరిది అని చెప్పేది. అది స్నానాలగది వైపు ఉంటే వంటింట్లోంచి వేడి మార్చడానికి కుదరదు. ఆ మీట సంగతి నాకు తెలీదు. చిన్నగా కందింది అంతే, కానీ ఆ స్థానంలో పాప ఉంటే? నేను పైకి ఏమీ అనలేదు. రాత్రి పడుకున్నాక మాత్రం కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇంత దూరం వచ్చింది కూర్చుని చూడటానికా?

మర్నాడే ఒక నోటుపుస్తకం కొనుక్కున్నాను. ఇంటర్మీడియెట్ పాసయిన పాతికేళ్ళ తర్వాత మళ్ళీ పలకా బలపం పట్టినట్టే.

నాకు పంతులమ్మ పక్కింటి మామ్మగారు. డెబ్బై ఏడేళ్ళావిడ, ఒక్కతే ఉంటుంది. పాపని చూడటానికి వచ్చి, నేను నోటుపుస్తకం పట్టుకుని పెట్టె ముందు నిలబడటం చూసి ముచ్చటపడి తానే మొదలుపెట్టింది. ఇంగ్లీషు రాదు, తెలుగు సరేసరి. నాకు వచ్చిన ఒకే ఒక్క వాక్యం, కొరె వ నన్ దెసు కా, ఇదేమిటి అని. వేలు పెట్టి చూపించడం, ఆవిడ చెప్పడం, నేను తెలుగులో రాసుకోవడం. ఇక్కడ మన తెలుగు నాకెంత సాయపడిందో చెప్పలేను. వాళ్ళ మాటలు దాదాపు అన్నీ మనలాగే అచ్చుతో ముగుస్తాయి. మనం బకెట్టు అంటే వాళ్ళు బకెత్సు. మన టవలు వాళ్ళకి తాఒరు. బ్రష్షు బురాషి. ఇక దీర్ఘాలు మనకి ఉగ్గుపాలతో వచ్చినవేగా! ఒబసాన్ అంటే పిన్ని వరస ఆవిడ, ఒబాసాన్ అంటే మామ్మ. ఇంగ్లీషువాళ్ళు ఇక్కడే బోర్లా పడతారట. నేను ఒక్కసారీ తప్పలేదు. ఆవిడ మాత్రం నన్నూ, పాప పుట్టింది గనక, ఒబాచాన్ అనే పిలిచేది. నలభై ఆరేళ్ళకే మామ్మనయ్యాను!

మిజు అంటే నీళ్ళు అని తెలుసు. కుళాయిలో వేడినీళ్ళు చూపించి "మిజు" అన్నాను. కాదు కాదు, ఒయు అంది. వాళ్ళకి వేణ్ణీళ్ళకి వేరే పేరు, అది అసలు నీళ్ళే కాదన్నట్టు. మిజు అంటే చన్నీళ్ళే. కుళాయి పేరు జాగుచి, అంటే పాము నోరు! పళ్ళు తోముకునే పేస్టుని ఇప్పటికీ హామిగాకికో అంటారు, కో అంటే పొడి. మన బామ్మలు పేస్టుని కూడా పళ్ళపొడి అన్నట్టే. సబ్బు సెక్కెన్. పాత మాట షాబోన్ కూడా ఉందట, మన సబ్బుకి దూరపు చుట్టంలా వినిపించింది. షాంపూ మాత్రం షాంపూయే. అది మన దేశంలో తలకి మర్దనా చెయ్యడాన్ని చెప్పే మాటలోంచే ఇంగ్లీషులోకి పోయిందని అల్లుడుగారు చెప్పారు. పుట్టింటి మాట అత్తవారింట్లో కనిపించినట్టయింది.

షాంపూ అన్నాను కాబట్టి ఒక కిటుకు చెప్తాను, ఇది నాకు భలే నచ్చింది. షాంపూ సీసా, దాని తర్వాత రాసే రిన్సు సీసా ఒకేలా ఉంటాయి. నేను వారం రోజులు రిన్సుతో తల రుద్ది, నురుగు రాదేమిటా అని ఇంకాస్త పోసి, జుట్టంతా జిడ్డోడేలా చేసుకున్నాను. మామ్మగారు నా వేలు పట్టుకుని సీసా పక్కన తడిమించింది. షాంపూ సీసాకి నిలువునా సన్నటి గాట్ల వరస ఉంటుంది, రిన్సుకి ఉండదు. కళ్ళు లేనివాళ్ళ కోసమని కావో అనే కంపెనీ 1991లో మొదలుపెడితే మిగతా కంపెనీలూ అందుకున్నాయట. తల రుద్దుకుంటూ కళ్ళు మూసుకున్న వాళ్ళెవరికైనా పనికొస్తుంది, చదువు రాని నాలాంటి దానికీ పనికొచ్చింది.

అక్షరాలు మాత్రం నా వల్ల కాదనుకున్నాను. మామ్మగారు ఒక చిట్కా చెప్పింది. చాలా అక్షరాలకి ఎడమ పక్క పైనుంచి కిందికి మూడు చుక్కల్లాంటి గీతలుంటాయి. వాటిని సన్‌జుయి అంటారు, నీటి బొట్లన్నమాట. ఆ మూడు బొట్లుంటే సాధారణంగా నీళ్ళకి సంబంధించిన మాటే. వేడినీళ్ళ అక్షరానికి ఉన్నాయి, కడగడం అనే దానికి ఉన్నాయి, నీళ్ళు వదలడానికి ఉన్నాయి, కాగడానికి ఉన్నాయి. మనకి గుడీ కొమ్మూ ఎలాగో అలాగ. స్నానాలగదిలో ఎటు చూసినా మూడు బొట్లే! చిన్న చిన్న కాగితాల మీద తెలుగులో రాసి, టేపు వేసి మీటల పక్కన అంటించాను. ఒయుహారి, తొట్టి నింపు. ఒఇదాకి, చల్లారితే మళ్ళీ కాచు. యూసెన్, పెత్తనం. యోబిదాషి, పిలుపు. ఒక రోజు చూస్తే అల్లుడుగారు వాటి పక్కన వాళ్ళ నాన్నగారికి పనికొస్తుందని పెద్ద అక్షరాలతో మళ్ళీ రాసి పెట్టారు.

ఆ పెట్టెలు మాట్లాడతాయి కూడా. తొట్టి నిండగానే ఒక పాట మోగి, ఆడగొంతు "ఒఫురో గ వకిమాషిత" అంటుంది, స్నానానికి నీళ్ళు కాగాయి అని. రోజూ వినీ వినీ నా చెవికి అలవాటైపోయింది.

డిసెంబరు మూడో వారంలో ఒక మధ్యాహ్నం. అల్లుడుగారు ఆఫీసులో ఉన్నారు. పాప నిద్రపోతోంది. అమ్మాయి స్నానానికి వెళ్ళింది. బాలింతలు అక్కడ నెల పరీక్ష అయ్యేదాకా తొట్టిలో దిగరు, షవరు కిందే స్నానం. నేను పొయ్యి దగ్గర వెల్లుల్లి కారం వేయిస్తున్నాను. పెట్టెలో పాట మోగింది. ఆడగొంతు "ఒఫురో దె..." అంది. ఆ, నీళ్ళు కాగాయంటోంది అనుకుని గరిటె తిప్పుతున్నాను. అంతలో తట్టింది. ఇవాళ ఎవరూ తొట్టి నింపలేదే? మళ్ళీ అదే గొంతు, "ఒఫురో దె యోందె ఇమాసు." వకిమాషిత కాదు, యోందె. యోబిదాషి, యోందె. పిలుస్తున్నారు!

పొయ్యి కట్టేశానో లేదో గుర్తులేదు, పరుగెత్తాను. పీట మీద కూలబడి, తల గోడకి ఆనించి ఉంది నా తల్లి. మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. షవరు పడుతూనే ఉంది. కట్టేసి, టవలు చుట్టి, తలుపు బార్లా తీసి, బయటి గదిలో నేల మీద పడుకోబెట్టి కాళ్ళ కింద మడత బట్టలు పెట్టాను. తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. వీధి తలుపు తీసి "ఒబాసాన్! కితె కుదసాయ్!" అని అరిచాను. రండి అని ఎప్పుడు నేర్చుకున్నానో కూడా తెలీదు. చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చిందావిడ. ఆసుపత్రికి ఫోను చేసిందీ, టాక్సీలో మాతో కూర్చుందీ, పాపని ఒళ్ళో పట్టుకుందీ ఆవిడే. రక్తం బాగా తగ్గిందని చెప్పి, మందులిచ్చి, వేడినీళ్ళ కింద ఎక్కువసేపు నిలబడొద్దని పంపారు డాక్టర్లు. పది రోజుల్లో తేరుకుంది.

ఆ మర్నాడు పొద్దున పాప తొట్టి నేల మీద పెట్టి, గాజుగుడ్డ పక్కన పెట్టి, అమ్మాయి మంచం మీదికెళ్ళి పడుకుంది. "ఏమే, నీళ్ళు పొయ్యవా?" అన్నాను. "నువ్వు పొయ్యమ్మా" అంది అటు తిరిగి. పెత్తనం స్నానాలగదికి మార్చాను, 39 పెట్టాను, మోచెయ్యి ముంచి చూసుకున్నాను. ఎంత మీట ఉన్నా మోచేతిని మించింది లేదు. సున్నిపిండి లేకపోయినా "శ్రీరామరక్ష" మాత్రం చెప్పకుండా ఉంటానా?

డిసెంబరు 22న మామ్మగారు నాలుగు పచ్చటి పళ్ళు తెచ్చిచ్చింది. యుజు అంటారు, నిమ్మకీ నారింజకీ మధ్యగా ఉంటాయి, వాసన ఎంత బాగుంటుందో. నేను సంతోషంగా ఉప్పూ పసుపూ తీసి ముక్కలు కొయ్యబోయాను. ఆవిడ గాభరాగా చెయ్యి పట్టుకుని "ఒఫురో, ఒఫురో" అంది. ఆ రోజు ఏడాదిలో అతి చిన్న పగలు. ఆ రాత్రి తొట్టి నీళ్ళలో యుజు పళ్ళు వేసుకుని కూర్చుంటే ఏడాదంతా జలుబు చెయ్యదని వాళ్ళ నమ్మకం. రెండు తొట్టిలో వేశాను. రెండు దాచి తర్వాత ఊరగాయ పెట్టాను, నా మాట కూడా నెగ్గాలి కదా. ఆవిడకి ఒక చిన్న సీసా ఇస్తే, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుంటూనే అన్నంలో కలుపుకుని తిన్నది.

2024 జనవరి 1 సాయంత్రం నాలుగింటికి మేమంతా కూర్చుని ఉండగా ఇల్లు మెల్లగా, పడవలో ఉన్నట్టు ఊగింది. నోతో అనే చోట పెద్ద భూకంపం, 7.6 అన్నారు టీవీలో. మాకు చాలా దూరం కాబట్టి ఏమీ కాలేదు. అక్కడ మాత్రం ఇళ్ళు కూలి ఎంతోమంది పోయారు, నెలల తరబడి చాలా ఊళ్ళలో కుళాయి నీళ్ళు రాలేదు. ఆ రాత్రి మామ్మగారు వచ్చి మా తొట్టి మూత ఎత్తి చూసి, నీళ్ళున్నాయని తృప్తిపడి, "నుకనైదె" అంది రెండుసార్లు. పీకకండి అని. ముందు రోజు స్నానం నీళ్ళు అలా ఉంచుకుంటే, నీళ్ళు ఆగిపోయినప్పుడు కడుక్కోవడానికైనా పనికొస్తాయని వాళ్ళు ఉంచుకుంటారట. మొదటి రోజు నేను హుషారుగా వదిలేసినవి ఆ నీళ్ళే.

జనవరిలో నెల పరీక్ష అయ్యాక తల్లీ పిల్లా మొదటిసారి పెద్ద తొట్టిలో దిగారు. తల్లి గుండెల మీద పాప కప్పపిల్లలా కాళ్ళు చాపింది. ఏడవలేదు. నేను బయట టవలు పట్టుకుని నిలబడ్డాను. తీసుకొమ్మని పిలవడానికి అమ్మాయి యోబిదాషి నొక్కింది, నేను రెండడుగుల దూరంలోనే ఉన్నా.

మూడు నెలల వీసా అయిపోయి ఫిబ్రవరి మొదట్లో వచ్చేశాను. నోటుపుస్తకం ఆ బట్టల మిషను మీదే వదిలేశాను, అరవై మూడు మాటలున్నాయి అందులో. ఇప్పుడు మా వియ్యపురాలు బయల్దేరుతోంది. నిన్న ఫోను చేసి, "వదినగారూ, ఆ స్నానాలగది సంగతేదో చెప్పండి, మీ అబ్బాయి చెప్తే నాకు తలకెక్కట్లేదు" అంది. యూసెన్ గురించి, షాంపూ సీసా గాట్ల గురించి అన్నీ వరసగా చెప్పాను. రాసుకుంటున్నట్టుంది, మధ్యలో "ఆఁ, ఆఁ" అంటోంది. బిరడా గురించి మాత్రం మూడుసార్లు చెప్పించి పెట్టాను.

"నుకనైదె, వదినగారూ. రాసుకోండి. ను, క, నై, దె."